చీపురు లెక్క

మార్చి నెలలో ఆ గురువారం మధ్యాహ్నం రెండింటికి నా చేతిలో ఉన్నవి ఇవి: సియోల్ వెళ్లాల్సిన పెద్ద కార్గో విమానం, దాంట్లోకి ఎక్కించాల్సిన, సరుకు కట్టిన ముప్పై రెండు ప్యాలెట్లు, డ్యూటీలో పదో గంట, మర్నాడు తేలబోయే సూపర్‌వైజర్ పదవి. ఆ పదవికి రాత్రి షిఫ్టులు ఉండవు. యాభై నాలుగేళ్ల నడుముకి అంతకు మించిన లాభం నాకు కనబడలేదు.

ఏ బరువు విమానంలో ఎక్కడ ఉండాలో లెక్కకట్టి సంతకం పెట్టడం నా పని. ఆ కాగితాన్ని నమ్మే పైలట్ గాల్లోకి లేస్తాడు. నేను అమ్మే సరుకు ఆ సంతకం ఒక్కటే.

ఆ రోజు ఆంకరేజ్‌లో పొద్దున వాన, ఆపైన తడి మంచు. గోదాంలో చోటు చాలక నాలుగు ప్యాలెట్లు గంటన్నర ఆరుబయట నిలబడ్డాయి. అరగంట దాటితే మళ్లీ కాటా వేయాలని రూలు. మా వాడుక వేరు. పైన మంచు చీపురుతో ఊడ్చేసి, ఒక్కోదానికి యాభై కిలోలు కలిపి రాసేస్తాం. దాన్ని చీపురు లెక్క అంటాం. పదకొండేళ్లలో నేనూ అలా ఎన్నిసార్లు రాశానో లెక్కపెట్టుకోలేదు. లెక్కపెట్టుకోకపోవడంలోనే ఉంది దాని సుఖం.

ఫోర్క్‌లిఫ్ట్ నడిపే తవీటా చేతులు దులుపుకుంటూ వచ్చాడు.

"ఊడ్చేశా గురూ. నాలుగూ పెళ్లికూతుళ్లలా మెరిసిపోతున్నాయి."

"అన్నీ సరిగ్గానే ఉన్నాయిగా?"

"ఉన్నాయి. మూడోదాన్ని ఎత్తుతుంటే మాత్రం బండి వెనక చక్రాలు తేలినట్టయింది."

"ఎంత తేలాయి?"

"తేలాయంటే తేలాయి. కొలబద్ద పట్టుకు తిరుగుతానా నేను?"

"నోరు మూసుకుని ఉండాల్సింది."

"అడిగింది నువ్వేగా!"

వెనక చక్రాలు తేలాయంటే ముందు ఎత్తిన బరువు ఎక్కువైందని. ఆ మూడోది విమానం తోక వైపు వెళ్లేది. అక్కడ లెక్క తప్పితే విమానం మొత్తం తప్పుతుంది. కాటా గోదాం అవతలి కొసన ఉంది. నాలుగింటినీ తూచి తేవాలంటే గంట పడుతుంది. మూడుంపావులోగా విమానం లేవకపోతే పైలట్ల డ్యూటీ గంటలు అయిపోతాయి, పది గంటలు వాళ్లకు విశ్రాంతి ఇవ్వాలి. బదులు పైలట్లు లేరు. సరుకులో సగం బతికున్న పీతలు.

స్టేషన్ మేనేజర్ కొరీన్ నా బల్ల దగ్గరికి వచ్చింది.

"సంతకం ఎక్కడ, వెండెల్?"

"నాలుగూ మళ్లీ కాటా వేయాలి."

"చీపురు విరిగిందా?"

"వాన మీద మంచు పడింది. ప్లాస్టిక్ కింద నీళ్లు దిగుంటే పైన ఊడ్చి ఏం లాభం?"

"అయితే ఒక్కోదానికి వంద రాయి. పీడా పోతుంది."

"వందని నాకెవరు చెప్పారు?"

"నేను చెబుతున్నా."

"అయితే సంతకం మీరే పెట్టండి."

ఆమె మోగుతున్న తన ఫోన్‌ని కట్టేసింది. చెడ్డ మనిషి కాదు. ఆ పీతలు పంపేవాడి ఫోన్లు పొద్దుటి నుంచి ఆమెకే వస్తున్నాయి.

"రేపు నా ముందు రెండు పేర్లుంటాయి. నీకు తెలుసు."

"తెలుసు."

"ఇన్నేళ్లుగా లేని నీతి ఇవాళే పుట్టుకొచ్చిందా?"

"నీతీ లేదు, ఏమీ లేదు. చక్రాల మాట చెవిన పడింది. పడకపోయుంటే పెట్టేసేవాణ్ణి."

తూచాం. తవీటా ఒక్కోదాన్నీ మోసుకొచ్చాడు. మొదటిది ఇరవై రెండు కిలోలు పెరిగింది, రెండోది ముప్పై ఒకటి. మూడోది ఇరవై ఆరు. నాలుగోది పదిహేడు.

తవీటా కాటా వైపు అనుమానంగా చూశాడు. "చెడిపోయిందేమో?"

పరీక్ష బరువు పెట్టి చూశాను. కాటా నిక్షేపంలా ఉంది.

"అయితే చక్రాల కింద మంచుండి జారుంటుంది. నాకు తేలినట్టనిపించింది. ఏమనుకోకు గురూ."

ఏమనుకోవడానికీ ఓపిక లేదు. నాలుగూ కలిపి తొంభై ఆరు. చీపురు లెక్కయితే రెండొందలు రాసేవాణ్ణి. నాకంటే చీపురే ఎక్కువ జాగ్రత్తపడేది.

మూడున్నరకి విమానం కెప్టెన్ ఫోన్ చేసింది. గొంతు నాదానికంటే అలిసిపోయి ఉంది.

"మేం హోటల్‌కి పోతున్నాం. తోకలోది ఎంత పెరిగిందన్నారు?"

"ఇరవై ఆరు కిలోలు."

"ఇరవై ఆరేనా? సరే. అదే రాసి ఉంచండి."

అదే రాసి, సంతకం పెట్టాను. ఇంటికెళ్లి బూట్లు విప్పకుండా మంచం మీద పడ్డాను. ఆ కాగితంతోనే విమానం పది గంటలు ఆలస్యంగా వెళ్లింది. పీతల్లో మూడో వంతు చచ్చాయి. శుక్రవారం కొరీన్ రెండో పేరుకి టిక్కు పెట్టింది. ఆమె స్థానంలో ఉంటే నేనూ అంతే చేసేవాణ్ణి.

కాబట్టి లెక్క ఇలా తేలింది. పోయినవి: పది గంటలు, మూడో వంతు పీతలు, పగటి ఉద్యోగం. వచ్చినవి: తొంభై ఆరు కిలోలు, కాటా మీద నా కళ్లతో చూసినవి.