చీకూ కడుపులో

మా కుక్క చీకూ కక్కినదానిలో, మధ్యాహ్నం మా ఆయన సుజిత్ కంచంలో నేను వడ్డించిన గుత్తివంకాయ కనిపించింది. తొడిమతో సహా.

గుడ్డ తెచ్చి నేల తుడిచాను. ఆ కూర నిండా ఉల్లిపాయే. కుక్కలకు ఉల్లిపాయ విషం. యాంటీబయాటిక్స్ వాడాక చీకూ కడుపు పాడైతే డాక్టర్ ప్రోబయాటిక్ పొడి రాశాడు. మందులకు పేగుల్లోని మంచి క్రిములు కూడా చచ్చిపోయాయి, వాటిని మళ్లీ నింపాలి అన్నాడు. ఆ పొడిని మెత్తటి అన్నంలో కలిపి రోజూ నేనే పెడుతున్నాను. కాస్త కోలుకుంటుంది, మళ్లీ మొదటికి వస్తుంది. "పొడి పనిచేస్తోంది హిమశ్రీబెన్," అన్నాడు ఆ గుజరాతీ డాక్టర్ నిన్న ఫోన్‌లో. "ఇంట్లో ఎవరో ఇంకేదో పెడుతున్నారు." నేను నమ్మలేదు. అడాజన్‌లోని ఈ ఫ్లాట్‌లో ఉన్నది మేమిద్దరమే. అత్తయ్య ఏప్రిల్‌లో కరోనాతో పోయింది.

పోయింది అంటే, నేను చంపాను. అంత మాట ఎవరూ అనలేదు. "కుక్క మందు కోసం ఊరంతా తిరిగి వైరస్ మోసుకొచ్చింది," అని మాత్రం అన్నది మా ఆడపడుచు పద్మారాణి, ఫోన్‌లో, నాకు వినబడేలా. ఆయన ఖండించలేదు. ఫోన్ తీసుకుని బాల్కనీలోకి వెళ్లిపోయాడు. నిజానికి ఆ పొడి తెమ్మని నన్ను పంపింది అత్తయ్యే. చీకూ ఆవిడ కుక్క. "నా బంగారం నీరసించిపోతోంది, మాస్కు కట్టుకుని ఒక్క పరుగున వెళ్లిరావే," అన్నది. ఆ మాటకు సాక్షి ఆవిడ ఒక్కతే. అప్పటినుంచి గిన్నెలు తోముతుంటే నీళ్ల చప్పుడు వెనకాల ఆవిడ దగ్గు వినిపిస్తుంది. కుళాయి కట్టేస్తే ఆగిపోతుంది. పొడి డబ్బా మూత తీసిన ప్రతిసారీ ఆవిడను చంపింది ఇదే అనుకుంటాను. అనుకుంటూనే కలుపుతాను. చీకూ తినడం ఆపి, ఆవిడ ఖాళీ కుర్చీకేసి చూసి తోకాడిస్తుంది.

ఆవిడ పోయాక ఆయన కంచం ల్యాప్‌టాప్ ఉన్న గదిలోకే వెళ్తోంది. వెనకాలే చీకూ. తలుపు మూసుకుంటుంది. కాసేపటికి ఖాళీ కంచంతో పాటు ఒక మాట బయటికి వస్తుంది. "పులుపు చచ్చింది." "ఇంత నూనె ఎవరి సొమ్మని పోశావు?" "అమ్మతోనే పోయింది ఈ ఇంట్లో చారు." మర్నాడు నేను చింతపండు పెంచేదాన్ని, నూనె తగ్గించేదాన్ని. చివరికి నా నాలుకనే నమ్మడం మానేశాను.

గుడ్డ పారేసి చేతులు కడుక్కున్నాను. చీకూకి పెడుతున్నదెవరో తెలిసింది. కానీ తినని మనిషికి పులుపు చచ్చిందని ఎలా తెలిసింది?

ఆ సాయంత్రం పప్పులో ఉప్పు వెయ్యలేదు. చీకూని బాల్కనీలో ఉంచి తలుపేసి, ఆయన్ను బల్ల దగ్గరికి పిలిచి ఎదురుగా కూర్చున్నాను. చేసేది లేక రెండు ముద్దలు మింగాడు.

"ఉప్పు కషాయం," అన్నాడు. "నీ చేతికి కొలత ఎప్పుడొస్తుంది హిమా?"

"ఇందులో చిటికెడు ఉప్పు కూడా లేదండీ."

ఆయన చేతిలోని ముద్ద కంచంలోకి జారింది. ఆ రోజుల్లో రుచి పోవడమంటే ఏమిటో పసిపిల్లలకు కూడా తెలుసు. లేవబోయాడు.

"కూర్చోండి," అన్నాను. ఆయనతో ఆ గొంతుతో నేనెప్పుడూ మాట్లాడలేదు. "ఎప్పటినుంచి?"

ఆయన కంచంలోకి చూస్తూనే చెప్పాడు.

"హోలీకి ఆఫీసు వాళ్లను కలిసొచ్చాక. నువ్వు ఆ పొడి కోసం వెళ్లకముందే. చెబితే అమ్మ భయపడుతుందని... కాదు, భయపడింది నేనే. రోజూ అమ్మ పక్కనే కూర్చుని తిన్నాను. తర్వాత అందరూ నిన్నంటుంటే, అననీలే అనుకున్నాను. ఇప్పటికీ ఏం నోట్లో పెట్టుకున్నా మట్టే. ఏమీ అనకుండా తింటే నీకు అనుమానం వస్తుంది కదా, అందుకే రోజూ ఏదో ఒక వంక పెట్టాను."