గైడు నీళ్లు తాగలేదు

మధ్యాహ్నం పన్నెండున్నరకు కోట మీద మూడో ద్వారం దగ్గర గైడు పడిపోయింది. ఆ తలుపులు ఫిరంగులకు కూడా ఎందుకు లొంగలేదో ఆమె ఒక పర్యాటకుల గుంపుకు చెబుతోంది. మాట మధ్యలో ఆగి, గోడకు చెయ్యి ఆనించి, అలాగే కూలబడింది.

గుంపులో ఒకాయన తన సీసా మూత తీసి ఆమె నోటి దగ్గర పెట్టాడు. ఆమె తల పక్కకు తిప్పుకుంది.

"తాగమ్మా తల్లీ! పొద్దుట్నుంచీ నీళ్లు తాగండి, నీళ్లు తాగండి అని మా ప్రాణం తీసింది నువ్వేగా" అన్నాడాయన.

నిజమే. కొండ ఎక్కేముందు ప్రతి గుంపుకూ ఆమె చెప్పే మొదటి మాట అది. తను మాత్రం పొద్దున ఇంట్లో కాఫీ తాగితే, మళ్లీ నీళ్లు తాగేది సాయంత్రం ఇల్లు చేరాకే. ఎండాకాలం మొదలైనప్పటి నుంచీ అంతే.

కోట మీద టాయిలెట్ ఒక్కటే ఉంది. అది రావడానికి కారణం ఆమే. ఆడవాళ్లు వస్తున్నారు, ముసలివాళ్లు వస్తున్నారు, కొండ మీద ఎక్కడికి పోతారని ఏళ్ల తరబడి కోట ఆఫీసు చుట్టూ తిరిగింది. చివరికి కట్టారు. కట్టి, నడిపేవాళ్లు లేరని తాళం వేశారు. అప్పుడామె మరిదిని తీసుకెళ్లి మేనేజరు ముందు నిలబెట్టింది. "మావాడే సార్. పనిమంతుడు. పూచీ నాది" అంది. కాంట్రాక్టు మరిదికిచ్చారు.

మొదటి ఏడాది మరిది బాగానే నడిపాడు. గైడ్ల దగ్గర డబ్బు తీసుకోలేదు. తర్వాత ఆఫీసువాళ్లు తిరిగే గేటు బిగించారు. మనిషి లోపలికి వెళ్లినప్పుడల్లా గేటు లెక్కపెడుతుంది. ఆ లెక్క ప్రకారం మరిది ఆఫీసుకు కట్టాలి. అతను టికెట్ రేటు పెంచాడు. కొండ కింద కాఫీ కన్నా కొండ మీద టాయిలెట్ ఖరీదైంది. రేటు పెంచినా గిట్టక, కడిగే మనిషిని మానిపించాడు. ఆడవాళ్ల వైపు గడియ ఊడిపోయింది. లోపలికి వెళ్లినవాళ్లు ఒక చేత్తో తలుపు లాగి పట్టుకుని కూర్చోవాలి. ఎండ ముదిరేసరికి కుళాయి ఎండిపోయేది.

తిట్లు గైడుకు పడేవి. "ఇంత తీసుకుని ఇదా?" అని పర్యాటకులు ఆమెనే నిలదీసేవారు. అక్కడికి తీసుకొచ్చింది ఆమే కదా.

ఈ ఎండాకాలం మొదట్లో, గైడ్లు కూడా టికెట్ కొనాలని మరిది చెప్పిన రోజు ఆమె గేటు దగ్గరే ఆగిపోయింది.

"ఏమయ్యోయ్, నాకు కూడానా?"

"గేటుకు వదినా మరిదీ తెలీదు కదా వదినా. అది తిరిగిందంటే నా జేబు ఖాళీ."

"కానీయ్. పొద్దున నా చేతి వంట తినే వచ్చావుగా."

"నీ ఒక్కదానికైతే కట్టనూ? నీ వెనకే మిగతావాళ్లు వస్తారు. ఆమెకేనా, మేం మనుషులం కామా అంటారు. నేను దుకాణం మూసుకోవాలి."

"నేను చెప్పులరిగేలా తిరిగి తెచ్చిన టాయిలెట్‌కి నేనే టికెట్ కొనాలా? చచ్చినా ఇందులో అడుగు పెట్టను."

"అంత మాటెందుకు వదినా..."

"చచ్చినా పెట్టను."

వరుసలో నిలబడ్డవాళ్లందరూ విన్నారు. ఆ మాట వెనక్కి తీసుకోవడం తర్వాత ఆమె వల్ల కాలేదు.

అన్నదమ్ముల కుటుంబాలవి ఒకే ఇంట్లో పై వాటా, కింది వాటా. వంట ఒకటే. ఇంట్లో మాటలు మామూలుగానే నడిచాయి. "వదినా, కూరలో ఉప్పు తగ్గింది" అనేవాడు మరిది. "కూరలో కాదు, నీ ఒంట్లో తగ్గింది" అనేది ఆమె. టాయిలెట్ ఊసు మాత్రం ఎవరూ ఎత్తేవారు కాదు. ఆమె భర్తకు మిల్లులో చెయ్యి నలిగి పని పోయింది. వాళ్లిద్దరికీ ఆధారం ఆమె మెడలో ఉన్న గైడు బ్యాడ్జీయే. "నా టీ మానేసి టికెట్ డబ్బులు నేనిస్తానే" అని ఆయన ఒకసారి అన్నాడు. "డబ్బు గురించి కాదులెండి" అంది. ఆయన మళ్లీ అడగలేదు.

గైడ్ల సంఘంలోనూ అడిగింది. అక్కడ ఆడమనిషి తనొక్కతే. మిగతావాళ్లు కోటలోని పాత మందుగుండు కొట్టు వెనక గోడ దగ్గరికి పోయేవారు.

"మా గోడకు టికెట్ లేదమ్మా" అన్నాడు సంఘం పెద్ద. అందరూ నవ్వారు.

"అందరం కలిసి ఆఫీసుకు చెబుదాం బాబాయ్. గైడ్లకు టికెట్ తీసెయ్యమందాం. అంతే."

"చెబితే ఏమవుతుందో తెలుసా? మరి ఇన్నాళ్లూ ఎక్కడికి పోతున్నారని అడుగుతారు. గోడ దగ్గర కాపలా పెడతారు. నీకు రాదు, మాకున్నదీ పోతుంది."

పడిపోయిన రోజు ఆమె దగ్గరికి ముందుగా పరుగెత్తింది మరిదే. వదినను వీపు మీద వేసుకుని మెట్లన్నీ దిగాడు. కౌంటర్లో ఎవరూ లేరు. గేటు తిరుగుతూనే ఉంది.

మూత్రపిండాలు దెబ్బతిన్నాయని ఆసుపత్రిలో డాక్టరు చెప్పింది. నీళ్లు బాగా తాగాలి, వచ్చినప్పుడు ఆపుకోకూడదు అంది. "ఇన్నాళ్లూ ఎందుకు తాగలేదమ్మా?" అని అడిగింది. భర్త తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు మందుల చీటీ అందుకుని బయటికి నడిచాడు.

మర్నాడు మేనేజరు విచారణకు వచ్చాడు. మంచానికి ఒక పక్క మరిది, అతని వెనక చంటిపిల్లను ఎత్తుకుని తోటికోడలు నిలబడి ఉన్నారు.

"కోట మీద టాయిలెట్ ఇబ్బంది ఏమైనా ఉందా? ఉంటే చెప్పండి. కాంట్రాక్టు ఇవాళే రద్దు చేస్తాను."

ఆమె తోటికోడలి చంకలోని పిల్లను చూసింది.

"లేదు సార్. నాకే తాగే అలవాటు లేదు."

మేనేజరు రాసుకుని వెళ్లిపోయాడు.

"వదినా..." అన్నాడు మరిది.

"నోరు ముయ్యి. పోయి ఆ గడియ పెట్టించు."

విచారణ నివేదిక వారంలో వచ్చింది. గైడు తన ఆరోగ్యం విషయంలో నిర్లక్ష్యంగా ఉందని, పర్యాటకుల ముందు పడిపోవడం వల్ల కోటకు చెడ్డపేరు వచ్చిందని అందులో ఉంది. బ్యాడ్జీ వెనక్కి ఇమ్మన్నారు. పూర్తిగా కోలుకున్నట్టు సర్టిఫికెట్ తెస్తే ఆలోచిస్తామన్నారు. ఆమె డాక్టరు దగ్గరికి వెళ్లి అడిగింది. కొండ ఎక్కే పనికి ఇవ్వలేనని డాక్టరు చెప్పింది. భర్తే వెళ్లి ఆఫీసులో బ్యాడ్జీ ఇచ్చి వచ్చాడు.

డ్యూటీలో నీళ్లు తాగడం తప్పనిసరి అని ఆఫీసు గైడ్లందరికీ ఆదేశం ఇచ్చింది. మనిషికో స్టీలు సీసా పంచింది. ఆమె గుంపులను ఇప్పుడు సంఘం పెద్ద తీసుకెళుతున్నాడు. మరిది కొత్త గడియ పెట్టించాడు. ఒకటో తారీఖు నుంచి టికెట్ రేటు పెంచాడు. గైడ్లకు మినహాయింపు లేదు.