అన్నకు గండం, ఆడబిడ్డకు గాజులు

స్వైన్ ఫ్లూ అనే రోగం సిద్దిపేటకు ఇంకా రానేలేదు గానీ, దాని మందులన్నీ ముందే వచ్చి కూర్చున్నాయి. కర్పూరమూ యాలకులూ కలిపి గుడ్డలో మూటకట్టి మెడలో వేసుకోవాలని ఎవరో అన్నారు. మర్నాటికి కిరాణా దుకాణాల్లో కర్పూరం పలుకు లేదు, గుళ్లో దేవుడికి హారతి లేదు. పొద్దున్నే పిడికెడు మిరియాలు నమలాలని ఇంకెవరో అన్నారు. ఊరంతా కళ్లనీళ్లు తుడుచుకుంటూ తిరిగింది. బస్సులో ఒక్క తుమ్ము తుమ్మితే ముగ్గురు కూర్చునే సీటు తుమ్మినవాడికే దక్కేది. పోశయ్య అనే ఆసామి ఈ సంగతి పసిగట్టి, సికింద్రాబాదు దాకా కాళ్లు చాపుకుని పడుకుని పోయి వస్తున్నాడని చెప్పుకునేవారు.

అదే చలికాలంలో తెలంగాణ ఉద్యమం జోరు మీద ఉంది. పాత బస్టాండు దగ్గరి చౌరస్తాలో టెంటు వేసి రిలే దీక్షలు చేస్తున్నారు. ఒకరోజు వకీళ్లు కూర్చుంటే ఇంకోరోజు దర్జీలు, మరోరోజు పంతుళ్లు. అప్పుడప్పుడూ నడిరోడ్డు మీద పొయ్యి పెట్టి వండుకు తిని నిరసన తెలిపే వంటా వార్పు. పొద్దున బందు, సాయంత్రం ర్యాలీ, ఆ రెండింటి నడుమ పుకార్లు. సిద్దిపేట జనానికి తీరికను వృథా చేసే అలవాటు లేదు.

ఆ చౌరస్తాకు దగ్గర్లోనే దత్తాత్రి స్టీలు సామాన్ల దుకాణం. గల్లాపెట్టె ముందు ఆయన కూర్చుంటాడు, సామాను చూపించి అమ్మేది ఆయన భార్య పద్మమ్మ. రోగం గురించి పద్మమ్మకు పెద్ద బెంగ లేదు. ఆమె బెంగంతా ఆడబిడ్డ మాణెమ్మ మీదే.

మాణెమ్మ దత్తాత్రికి ఒక్కగానొక్క చెల్లెలు. మిరుదొడ్డిలో ఇచ్చారు. పద్మమ్మ కొత్త కోడలుగా అడుగుపెట్టినప్పుడు ఆ ఇంట్లో ఆమెను చూసి నవ్విన మొదటి మనిషి మాణెమ్మే. పద్మమ్మ చారులో ఉప్పు రెండుసార్లు వేస్తే, తానే వేశానని చెప్పి తల్లిచేత తిట్లు తిన్న పిల్ల ఆమె. పెళ్లయి వెళ్లాక కూడా పుట్టింటికి వస్తే అన్నతో నాలుగు మాటలు, వదినతో తరగని ముచ్చట్లు. అలాంటి మనిషి రెండేళ్లుగా వాళ్ల గడప తొక్కలేదు.

తప్పు పద్మమ్మదే. ఆ సంగతి ఆమెకూ తెలుసు. కొడుకు ఆకాశ్ పెళ్లయి కోడలు సహస్రతో ఇంటికి వచ్చిన రోజు అది. కొత్త జంటను గడప దగ్గర ఆపి, ఒకరి పేరు ఒకరిచేత చెప్పించాకే లోపలికి వదలడం ఇంటి ఆడబిడ్డ హక్కు. మాణెమ్మ ఎక్కిన జీపు దారిలో పంక్చరైంది. వర్జ్యం వచ్చేస్తోందని పురోహితుడు తొందరపెట్టాడు. పద్మమ్మ కంగారుపడి పక్కింటి పిల్లను గడపకు అడ్డంగా నిలబెట్టి ఆ తంతు కానిచ్చేసింది. కాసేపటికి పట్టుచీర నిండా దుమ్ముతో మాణెమ్మ వచ్చేసరికి పెళ్లికూతురూ పెళ్లికొడుకూ లోపల కూర్చుని లడ్డూలు తింటున్నారు. "నాకోసం ఆగని గడప నేను తొక్కను" అని అందరి ముందూ అనేసి, మాణెమ్మ వచ్చిన జీపులోనే వెళ్లిపోయింది.

పద్మమ్మ కబురు మీద కబురు పంపింది. స్వయంగా మిరుదొడ్డి వెళ్లింది. మాణెమ్మ మంచినీళ్లిచ్చింది, చాయ్ ఇచ్చింది, మాట మాత్రం ఇవ్వలేదు. మొన్న రాఖీ పున్నానికి దత్తాత్రి ఖాళీ చేతిని పొడుగు చేతుల అంగీలో దాచుకుని గల్లా ముందు కూర్చున్నాడు. తనను తిట్టినా బాగుండేదని పద్మమ్మ ఏడ్చింది.

ఒక మధ్యాహ్నం మున్నీబీ గాజుల దుకాణంలో కూర్చుని ఊళ్లో పుకార్లన్నీ వింటుండగా పద్మమ్మకు ఆ ఆలోచన తట్టింది. ఇంతమంది ఇన్ని అబద్ధాలు చెబుతుంటే తానొకటి చెబితే ఏ కొంప మునుగుతుందని అనుకుంది.

"మున్నీబీ, గిది విన్నవా? కరీంనగర్ దిక్కు ఎవలికో పూనకమొచ్చి చెప్పిందట. ఈ రోగం అన్నల మీద గండమట. ఆడబిడ్డ పుట్టింటికొచ్చి వదిన చేత పచ్చగాజులు తొడిగించుకుంటెనే అన్న బతుకుతడట."

మున్నీబీ చేతిలో ఉన్న గాజుల డబ్బా మెల్లగా కింద పెట్టింది. "యా అల్లా. నీకెవలు చెప్పిన్రు అక్కా?"

"మా దుకాణంకొచ్చిన ఒకామె చెప్పింది. ఆమెకు వాళ్ల మరదలు చెప్పిందట."

"మా అన్న అర్షద్ మీద సుత ఉంటదా గండం?"

"రోగానికి హిందువులు, తురుకోళ్లు అని ఎరుకుంటదా?" అంది పద్మమ్మ, గంభీరంగా.

పుకారుకు దూరపు ఊరొకటి, పేరు తెలియని ఆడమనిషొకతె ఉంటే చాలు, దానికి కాళ్లు వచ్చేస్తాయి. ఆ రెండూ సమకూర్చి పద్మమ్మ తన దుకాణానికి వచ్చి బుద్ధిమంతురాలిలా గ్లాసులు తుడుచుకుంది. సాయంత్రం బస్సుకు ఆ మాట మిరుదొడ్డి చేరుతుందని, అన్న మీద ప్రాణం పెట్టుకున్న మాణెమ్మ తెల్లారేసరికి పరుగెత్తుకు వస్తుందని ఆమె ధీమా.

మాట చేరాల్సిన చోటికల్లా చేరింది. మున్నీబీ మొదట తానే పరుగున వెళ్లి వదినచేత గాజులు తొడిగించుకుని వచ్చి, ఆ తర్వాత దుకాణం తెరిచింది. పచ్చగాజులు అయిపోయాయి. పచ్చనివి అయిపోయాక, దీపం వెలుతురులో పచ్చగా కనిపిస్తాయంటూ నీలివి కూడా అమ్మింది. ఊళ్లో ప్రతి ఇంటికీ ఆడబిడ్డ దిగింది. మిరుదొడ్డి బస్సు వచ్చినప్పుడల్లా పద్మమ్మ దుకాణం మెట్టు మీదికి వచ్చి నిలబడేది. మాణెమ్మ మాత్రం దిగలేదు.

"ఏందట ఈ గాజుల కథ?" అని దత్తాత్రి అడిగాడు.

"నాకేం ఎరుక" అని పద్మమ్మ చెంబులు సర్దుకుంది.

తర్వాత రెండు రోజులకు దుకాణానికి ఆడవాళ్లు గుంపుగా వచ్చారు. అందరికీ గిన్నెలే కావాలి. "ఇద్దరు కలిసి తినేటంత గిన్నె ఇయ్యి పద్మమ్మా" అంది వాళ్లలో ఒకావిడ.

"ఎందుకు?"

"నీకు తెల్వదా? ఉత్త గాజులు సాలవట. వదిన, ఆడబిడ్డ కలిసి మంగళారం పొద్దుగాల బాటలు కలిసేకాడ, ఆకాశం కింద, రాళ్ల పొయ్యి మీద బెల్లమన్నం వండి ఒక్క గిన్నెల తినాలెనట. ఇంట్ల వండితే పారదట."

పద్మమ్మ నోరు తెరుచుకుంది. "గాజులేనట గదా. నేను మంచిగ విన్న."

"నువ్వు విన్నది పాతది" అని ఆవిడ గిన్నె తీసుకుని వెళ్లిపోయింది.

తాను వదిలిన అబద్ధం ఊళ్లు తిరిగి, బాగా తిని బలిసి, తన దుకాణానికే వచ్చి తననే దబాయిస్తుంటే పద్మమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అదే సమయానికి దవాఖాన వాళ్లు ఆటోకు మైకు కట్టుకుని, గుంపులుగా చేరొద్దని చెబుతూ వీధి వెంట వెళ్లారు. పద్మమ్మకు గుండె జారింది. రోగం నిజంగానే వస్తే ఆ పాపం తన మెడకు చుట్టుకోదా? పరుగున మున్నీబీ దగ్గరికి వెళ్లి, "అదంతా ఉత్తదే, నమ్మకుండ్రి" అంది.

"అట్ల అనకు అక్కా, కండ్లు పోతయ్" అని మున్నీబీ ఆమె నోరు మూసింది.

మంగళవారం పొద్దున చౌరస్తా అంతా పొగ. ఎక్కడ చూసినా మూడు రాళ్లు, ఒక గిన్నె, ఇద్దరేసి ఆడవాళ్లు. టెంటులో కునికిపాట్లు పడుతున్న, దీక్షలు నడిపే దుబ్బయ్య కళ్లు నులుముకుని చూశాడు. నెల రోజులుగా మైకులో గొంతు చించుకున్నా వంటా వార్పుకు పట్టుమని పదిమంది రాని ఊళ్లో, ఎవరూ పిలవకుండానే ఇన్ని వందలమంది ఆడవాళ్లు రోడ్డెక్కారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. మైకు అందుకుని, "అక్కలారా, మీకు దండం. ఇగ తెలంగాణ ఎట్ల రాదో చూద్దాం" అన్నాడు. ఆడవాళ్లకు ఆయన ఎందుకు ఏడుస్తున్నాడో అర్థం కాలేదు గానీ, జై తెలంగాణ అనమంటే అన్నారు. అటు బస్సులూ ఇటు లారీలూ బారులు తీరి ఆగిపోయాయి.

పద్మమ్మ కూడా రాళ్లు పేర్చుకుని, గిన్నెలో బియ్యం కడిగి పెట్టుకుని కూర్చుంది. ఆమె పొయ్యి ఒక్కటే వెలగలేదు. మాణెమ్మ రావాలి. వస్తే ఆ ఆగిపోయిన బస్సుల్లో ఎక్కడో ఉండాలి. బస్సులను ఆపింది తన అబద్ధమే.

ఎస్సై జీపు దిగి వచ్చాడు. "ఇగ సాలు, పొయ్యిలు ఆర్పుండ్రి. లేకుంటె వ్యాను ఎక్కిస్త" అన్నాడు. తినేసినవాళ్లు గిన్నెలు సర్దుకుని లేస్తున్నారు.

తన వదినతో తినడం ముగించిన మున్నీబీ పద్మమ్మ దగ్గరికి వచ్చింది. "అక్కా, ఇగ ఆమె రాదు. నేను నీ ఆడబిడ్డననుకో. జెల్ది వండి రెండు ముద్దలు తిందాం. గండం పోవాలె గదా."

మున్నీబీ మాట మంచి మనసుతో అన్నదే. పద్మమ్మకు ఆమె మీద ప్రేమ పొంగుకొచ్చింది. అయినా తల అడ్డంగా ఊపింది. "ఒకపారి ఆగకనే ఆగమైన మున్నీబీ. ఈపారి ఆమె వచ్చేదాక నేను లేవను."

ఎస్సై అడిగాడు, బతిమాలాడు, చివరికి లేవనంటున్న పద్మమ్మనూ, ఉద్యమానికి నాయకుణ్ణి తానేనంటున్న దుబ్బయ్యనూ వ్యాను ఎక్కించాడు. తలుపు వేయబోతుండగా వెనక నుంచి ఎవరో రొప్పుతూ, "ఆగుండ్రి, నన్ను సుత ఎక్కించుండ్రి" అన్నారు. మాణెమ్మ. చెప్పులు చేతిలో ఉన్నాయి, చంకలో బెల్లం మూట ఉంది. ఆగిపోయిన బస్సు దిగి నడిచి వచ్చినట్టు తెలుస్తూనే ఉంది.

లేడీ కానిస్టేబుల్ ఆమెను ఎగాదిగా చూసింది. "నువ్వు వండనే లేదు. నిన్నెందుకు ఎక్కించాలె?"

"వండుడేందమ్మా, రోడ్డు మీద వండాలన్న మాట పుట్టించిందే నేను. మా ఊరి కూరగాయలామెకు నేనే చెప్పిన. ఆమె ఈడికొచ్చి అందరికి చెప్పింది."

పొద్దుటినుంచి ఈ పిలుపు ఎవరిచ్చారో తెలియక జుట్టు పీక్కుంటున్న ఎస్సై ఆమెవైపు అబ్బురంగా చూశాడు. దుబ్బయ్య ముఖం చిన్నబోయింది. మాణెమ్మ ఎవరి సాయమూ లేకుండా వ్యాను ఎక్కి పద్మమ్మ పక్కన కూర్చుంది.

"నువ్వెందుకు పుట్టించినవే?" అంది పద్మమ్మ. రెండేళ్ల తర్వాత ఇద్దరి మధ్యా నడిచిన మొదటి మాట అదే అయింది.

"గాజులు తొడిగించుకోవాల్నంటె నీ ఇంట్లకు రావాలె. రానని నలుగురిల అన్న. రాకుంటె అన్న మీద గండమంటున్రు. నేనేం చెయ్యాలె వదినా? రోడ్డుకైతే గడప ఉండదు గదా, ఆడనే నీతోటి గాజులు తొడిగించుకోవచ్చని ఆ మాట కలిపిన."

వ్యాను కదిలింది. పద్మమ్మ ఆమె వైపు తిరిగి చెప్పింది. "మాణెమ్మా, గండం లేదు, ఏం లేదు. గాజుల మాట నేను పుట్టించిన. నువ్వొస్తవని."

చెంప మీద ఒకటి పడుతుందని పద్మమ్మ సిద్ధమైంది.

"అంటె, అన్నకు ఏం కాదా?"

"ఏం కాదు."

"ఒట్టా?"

"నీ మీద ఒట్టు."

మాణెమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని భోరుమంది. "ఆ మాట విన్నకాడినుంచి ముద్ద దిగుతలేదు వదినా. ఫోను మోగితె బుగులు. నా పంతానికి అన్న పోతడేమో అని ఎంత ఏడ్సిన్నో నీకేం ఎరుక."

నిజమే, పద్మమ్మకు ఎరుక లేదు. మాణెమ్మ రావాలని ఆలోచించింది తప్ప, ఈలోపల ఆమె ఎంత బెదిరిపోతుందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది. "తప్పైంది పిల్లా" అని ఆమె తలను గుండెకు హత్తుకుంది. "అప్పుడు తప్పే, ఇప్పుడు తప్పే." ఇద్దరూ కలిసి ఏడ్చారు. ఏడుస్తూ ఏడుస్తూ, ఒకరి అబద్ధానికి ఒకరు అబద్ధం అతికించిన సంగతి గుర్తొచ్చి, ఇద్దరికీ ఒకేసారి నవ్వు తన్నుకొచ్చింది. వీళ్లు తెలంగాణ కోసమే ఇంతగా కదిలిపోతున్నారనుకుని దుబ్బయ్య మళ్లీ కళ్లు తుడుచుకున్నాడు.

వ్యాను స్టీలు దుకాణం ముందు నుంచి వెళ్లింది. మెట్టు మీద నిలబడి ఉన్న దత్తాత్రి, పోలీసు వ్యానులో భార్యా చెల్లెలూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని నవ్వుతుంటే చూసి, నడిరోడ్డు మీదికి దిగి అలాగే నిలబడిపోయాడు.

లేడీ కానిస్టేబుల్ కాగితమూ పెన్నూ తీసింది. "పేర్లు చెప్పుండ్రి. ఇండ్లు యాడున్నయో చెప్పుండ్రి."

"నా పేరు పద్మమ్మ. మా ఇల్లు ఈడనే, సిద్దిపేట. ఈమె మాణెమ్మ, ఈమెది మిరుదొడ్డి."

"గట్ల రాయకమ్మా" అంది మాణెమ్మ, ముక్కు తుడుచుకుంటూ. "ఇద్దరిది ఒక్కటే ఇల్లు. నువ్వు ఇడిసిపెట్టినంక ఇద్దరం గాడికే పోతం."