దొరసాని నొప్పి

ముత్యాల దుద్దు చెవికి బరువైతే దొరసాని వెరానియాకు శిలువే. చెప్పు కరిచినా శిలువే, అత్తగారు వచ్చినా శిలువే. తప్పు ఆవిడ ఒక్కదానిదే కాదు, రోము రాజ్యంలో ఈ పుత్యోలి ఊరంతా అంతే. క్రుక్స్ అంటే శిలువ కొయ్య. బానిసల్ని దానికి మేకులతో కొట్టగా కొట్టగా, ఓర్వలేని బాధకు మా లాటిన్‌లో ఆ కొయ్య పేరే స్థిరపడింది. తర్వాత గొప్పింటివాళ్లు ఆ మాటను పంటినొప్పికీ వాడుకున్నారు. కొయ్య మాత్రం బానిసలకే మిగిలింది.

నిన్న పొద్దున ఆ కొయ్య ఎక్కినవాడు స్టాకిస్. దొరసాని ఇంటినుంచే పారిపోయి దొరికిపోయాడు. దొరసానికి తల దువ్వే బానిస థాల్లూసాకు తోడబుట్టిన అన్న. ఊరి బయట ఇంకా ఊపిరి తీస్తున్నాడని నీళ్లు మోసేవాళ్లు చెప్పారు. గట్టి ఒళ్లు కదా, ఇంకో రెండు రోజులు పట్టొచ్చన్నారు. ఆ గట్టి ఒళ్లు చూసే చిన్నప్పుడు వాళ్లమ్మ మురిసిపోయేది.

అన్న బతకాలని థాల్లూసా కోరలేదు. అంత పిచ్చిది కాదు. యజమాని ఇంటినుంచి చీటీ వెళితే శిలువలు వేసే గుత్తేదారు మనుషులు కాళ్లు విరగ్గొడతారు, పొద్దు వాలేలోగా ప్రాణం పోతుంది. ఆ చీటీ కోసమే నిన్నటినుంచీ మాటలు కూర్చుకుంది. ఇవాళ దువ్వుతూ దువ్వుతూ, గొంతు తగ్గించి అడిగేసింది.

వెరానియా అద్దం దించింది. ఆవిడది రాతిగుండేం కాదు.

"పాపం, అంత బాధగా ఉంటుందటే?"

"మీరు రోజూ అనేదేనండీ, దొరసానీ."

ఆవిడకు అర్థం కాలేదు, అదే మేలైంది. మైనపు పలక తెప్పించుకుని, ఇంటి ముద్ర తన దగ్గరే ఉంది గనుక భర్తను అడగనక్కర్లేదంటూ రాయడం మొదలుపెట్టింది. పని మాత్రం ఆపొద్దంది, సాయంత్రం విందుంది.

పదకొండేళ్లుగా వణకని చెయ్యి ఆ పూట ఆశతో వణికింది. ముంగురులు చుట్టే వేడి కడ్డీ చెవి అంచుకు తగిలింది.

"చంపేశావే! శిలువే ఇది, శిలువ!"

వెరానియా కళ్లనీళ్లు పెట్టుకుంది. కందిన చోటు మసూరు గింజంత కూడా లేదు. రాతపుల్ల మొద్దు చివరతో పలక మీద రాసిందంతా చదును చేసేసింది.

"మీ జాతికి జాలి చూపిస్తే ఇంతే. ఊఁ కానివ్వు, రెండో పక్క అలాగే ఉంది."

థాల్లూసా కడ్డీని మళ్లీ నిప్పుల్లో పెట్టింది. వేడి చూద్దామని అలవాటుగా ముంజేతికి ఆనించి, తియ్యడం మరిచిపోయింది. చర్మం కమిలిన వాసనకు దొరసాని ముక్కు మూసుకుని, నొప్పిగా లేదా అని అడిగింది.

"లేదండీ," అంది థాల్లూసా. "కాలింది, అంతే."