పెట్టె నిద్రపోయిన పది నిమిషాలు

పందొమ్మిది వందల ఎనభై ఆరు ఆగస్టు. ఓ పొద్దున అనీస్ బేగం చెరువు తూము పక్కనున్న చిన్న గదిలోకి వచ్చేసరికి బ్యాటరీ దాదాపు అయిపోయింది. నెల రోజులు రావలసిన లారీ బ్యాటరీ అది. పెట్టి రెండు రోజులే.

వరంగల్‌లో ఒక కాలేజీ ఎలక్ట్రానిక్స్ ల్యాబులో ఆమె టెక్నీషియన్. ములుగు అవతల ఈ చెరువు నీటిమట్టాన్ని పది నిమిషాలకోసారి కొలిచి, వైర్‌లెస్‌లో ములుగు ఆఫీసుకు పంపే కంప్యూటర్ పెట్టెను వాళ్లే తయారుచేశారు. ప్రోగ్రాం రాసింది అనీసే.

"ఇంకో బ్యాటరీ తెప్పియ్యరాదా బిడ్డా?" అన్నాడు రాయమల్లు. ముప్పై ఏళ్లుగా ఆ చెరువు తూము ఎత్తి దించే నీరటి.

"ఎట్లొస్తది తాతా? నన్ను దింపి జీపు అటు పోయిందో లేదో, వాగు రోడ్డెక్కింది."

వాగు అవతలి ఒడ్డున పల్లంలో అరవై గడపల గూడెం ఉంది. చెరువు నీళ్లు పద్దెనిమిది అడుగులు దాటితే పొంగి ఆ వాగులోకే దూకుతాయి; అప్పుడు గూడెం ఖాళీ చేయించాలి. మనుషులను పంపవలసింది ములుగు ఆఫీసు, వాళ్లకు కబురందించవలసింది ఈ పెట్టె. ఇప్పటికి పదహారున్నర. వాన తగ్గే సూచన లేదు. బ్యాటరీ సాయంత్రం దాకా వచ్చేట్టు లేదు.

అనీస్ బ్యాటరీ తీగ మధ్యలో కరెంటు కొలిచే మీటరు కలిపింది. ముల్లు పైకెక్కి అక్కడే నిలబడిపోయింది. కొలవడానికీ పంపడానికీ పట్టేది నాలుగు సెకన్లు. మిగతా సమయమంతా ముల్లు దిగాలి కదా? దిగడం లేదు. అప్పుడు అర్థమైంది. పని లేనప్పుడు ప్రాసెసర్ ఊరుకోవడం లేదు. పది నిమిషాలయిందా, అయిందా అని గడియారం చిప్పును లక్షలసార్లు అడుగుతూ, ఊరికే కరెంటు తాగుతోంది. ల్యాబులో గోడ ప్లగ్గుకు పెట్టి నడిపినన్నాళ్లూ ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. రాసిన తనకే పట్టలేదు.

"నా తప్పే," అంది గొంతు తగ్గించి.

పెట్టెకున్న అంకెల బటన్లతో ప్రోగ్రాం మార్చడం మొదలుపెట్టింది. పని కాగానే ప్రాసెసర్ ఆగిపోవాలి. పది నిమిషాలకు గడియారం చిప్పు దాన్ని లేపాలి. చివరి అంకె నొక్కగానే ముల్లు జారి కిందికి పడిపోయింది.

రాయమల్లు ఉలిక్కిపడ్డాడు. "సచ్చిందా?"

"లేదు. పండుకుంది. టైముకు అదే లేస్తది."

"లేవకపోతే?"

అనీస్ చేతి గడియారం చూస్తూ కూర్చుంది. సరిగ్గా పది నిమిషాలకు ముల్లు లేచింది, వైర్‌లెస్ కూసింది, మళ్లీ ముల్లు దిగింది. ఆమె చున్నీతో ముఖం తుడుచుకుంది.

రాయమల్లు గట్టు మీద నీటిమట్టం చూపే కొలరాయి చూసి తడుస్తూ వచ్చాడు. "పదిహేడుంబావు. జర చూడు బిడ్డా, మల్ల లేస్తది కదా?"

పది నిమిషాలయింది. ముల్లు కదలలేదు. పదకొండు. పన్నెండు.

ఒకసారి లేచింది, రెండోసారి ఎందుకు లేవదు? ఆమె తీగలు తడిమింది. బాగానే ఉన్నాయి. కళ్లు మూసుకుని రాసినది ఒక్కొక్క అడుగే మనసులో నడిచింది. లేపే పిలుపు అందగానే ప్రాసెసర్ తలుపు వేసేసుకుంటుంది. తలుపు మళ్లీ తియ్యమని చెప్పకుండా పండుకోబెడితే ఎంత పిలిచినా దానికి వినబడదు. మొదటిసారి పండుకోబెట్టినప్పుడు అనీస్ ఆ మాట చెప్పింది. తర్వాత చెప్పలేదు.

"ఒక్క మాట మర్చిపోయిన తాతా!"

పండుకోబెట్టే ఆజ్ఞకు ముందు ఆ ఒక్క ఆజ్ఞ చేర్చాలి. తొందరలో తప్పు అంకె నొక్కింది. చెరిపి మళ్లీ నొక్కింది. బయట అలలు గట్టుకు కొట్టుకుంటున్న చప్పుడు గదిలోకి వినిపిస్తోంది.

పది నిమిషాలు. ముల్లు లేచింది. ఇంకో పది. లేచింది. మూడోసారి కూడా లేచాక గానీ ఆమె గోడకు వీపు ఆనించలేదు.

మధ్యాహ్నం మూడున్నరకు పెట్టె పద్దెనిమిది అడుగుల రెండంగుళాలు పంపింది. రాయమల్లు గట్టు చివరికి పోయి, గొంగడి కప్పుకుని వాగు అవతలికే చూస్తూ నిలబడ్డాడు. నలభై నిమిషాలకు అతని కేక వినిపించింది.

"ట్రాక్టర్లొచ్చినయ్ బిడ్డా! పిల్లలను ఎక్కిస్తాండ్రు!"

చీకటి పడేలోపు గూడెం ఖాళీ అయింది. తెల్లారేసరికి అక్కడి ఇళ్లలో నడుము లోతు నీళ్లు. వాగు తగ్గి కొత్త బ్యాటరీ రావడానికి నాలుగు రోజులు పట్టింది. అప్పటిదాకా ఆ పాతదే నడిచింది.