ఆరు ఖాళీ చీటీలు

దేవిక పోయిన రెండో నెలలో, స్కూలు సైన్స్ ప్రదర్శన కోసం ఆమె రాసిపెట్టిన పాఠాన్ని నాగదుర్గ నా చేతికిచ్చింది. దేవిక స్థానంలో వచ్చిన ఫిజిక్స్ టీచరు ఈమె. నేను అదే స్కూల్లో సోషల్ చెబుతాను. మెదడులో గడ్డ ఉందని తేలాక కూడా నా భార్య ఆసుపత్రి మంచం మీద ఈ పాఠం రాస్తూనే ఉంది.

"ఆట కుదరడం లేదు సార్. చీటీల మీద అంకెలు వేయడం కూడా మర్చిపోయారు. పాపం, ఆ పరిస్థితిలో..." అని నాగదుర్గ ఆగింది. ఆదివారం దాకా చూసి, వేరే పాఠం పెడతామంది.

ప్రదర్శన సంగతి నాకు పట్టలేదు. ఇది రాసేనాటికి దేవిక మనసు స్పష్టంగా ఉందా, లేదా? అదొక్కటే నాకు తెలియాలి.

దూరంగా ఉన్న ముగ్గురు కాంతి కణాల సాయంతో ఒక రహస్య సంఖ్యను పంచుకోవడం గురించి ఆ పాఠం. ఒక్కరి దగ్గర అది పూర్తిగా ఉండదట. నాలుగుసార్లు చదివినా నాకు అర్థం కాలేదు. ఆట మాత్రం తేలికగా కనిపించింది. ఒక్కొక్కరికి ఒక ఎర్ర చీటీ, ఒక నీలి చీటీ. ఒక్కో చీటీ మీద జవాబు సున్నా గాని ఒకటి గాని. ముగ్గురూ ఎర్రవి చూపిస్తే మొత్తం సరిసంఖ్య కావాలి. ఒకరు ఎర్రది, ఇద్దరు నీలివి చూపిస్తే బేసి కావాలి. ఆ ఎర్రది ఎవరిదన్నదాన్ని బట్టి ఇవి మూడు, మొత్తం నాలుగు ఆటలు. మిగతావి లెక్కలోకి రావు. కవరులో ఆరు చీటీలూ ఖాళీగా ఉన్నాయి.

శుక్రవారం ఇక్కడ సెలవు, మా ఇంటికి తెలిసినవాళ్లు ఇద్దరు వచ్చారు. కోనసీమ పెద్దిరాజు ఏసీ మెకానిక్. కడప వెంకటేశ్వరి మిష్రిఫ్‌లో ఒక అరబ్బు ఇంట్లో పని చేస్తుంది, ఆ ఇంటావిడను మామా అంటుంది. దేవికకు బాగాలేనప్పటి నుంచీ సెలవు రోజున వచ్చి పలకరించి పోతుంది. వాళ్లను కూర్చోబెట్టి, చీటీల మీద పెన్సిలుతో అంకెలు వేశాను.

మూడు ఆటలు కుదిరాయి. నాలుగోది తప్పింది.

"ఇలా తెండి మాస్టారూ. సర్క్యూట్లే సరిచేసేవోణ్ణి, ఇదెంతండీ?" అని పెద్దిరాజు చీటీలు లాక్కున్నాడు.

"నువ్వు సరిచేసిన ఏసీ మా మామా ఇంట్లో మూడు దినాలకే నిల్చిపాయ గదన్నా," అంది వెంకటేశ్వరి.

"అది మీ మామా పిల్లలు రిమోటు నీళ్లలో ముంచారమ్మా!"

అతను చెరిపి రాశాడు. మళ్లీ చెరిపాడు. టీ చల్లారిపోయింది.

"ఒగటి సర్దితే ఇంగోటి జారుతాండాది," అంది వెంకటేశ్వరి. "అక్క తప్పు రాసిందేమో సార్."

వాళ్లు వెళ్లాక నాలుగు ఆటలనూ కాగితం మీద వరుసగా రాసుకున్నాను. ఏ చీటీ అయినా సరిగ్గా రెండు ఆటల్లో వస్తోంది. అంటే నాలుగు మొత్తాలనూ కూడితే ఎప్పుడూ సరిసంఖ్యే. దేవిక అడిగింది ఒక సరి, మూడు బేసులు. కూడితే బేసి. ఏ అంకెలు వేసినా కుదరదు. ఎవరు వేసినా కుదరదు.

మరి కుదరని ఆట ఎందుకు రాసినట్టు? నాకు ఇంకా అయోమయంగానే ఉంది.

ఆదివారం ఆ కాగితం నాగదుర్గకు చూపించాను. ఆమె నిలబడే చదివింది. తర్వాత కూర్చుంది.

"అయ్యో సార్. చీటీలు ఖాళీగానే ఉండాలి. కాంతి కణాల దగ్గర ముందే రాసిపెట్టుకున్న జవాబు ఉండదు, అడిగినప్పుడే పుడుతుంది. వాటికి మాత్రం నాలుగూ కుదురుతాయి. మధ్యలో ఎవరైనా దొంగచాటుగా చదివేస్తే ఆట తప్పుతుంది, దొంగ దొరికిపోతాడు. నాకు తట్టలేదు సార్. మేడమ్‌కు అంతా తెలుసు. మనసు ఇంత స్పష్టంగా..."

పాఠాన్ని దేవిక పేరుతోనే పెడదామంది. సరేనన్నాను. సంతోషించాలనే అనుకున్నాను.

పాఠం మొదటి కాగితం పైన దేవిక వేసిన తేదీ ఉంది. నవంబరు 9. ఆ సాయంత్రమే ఆమె నా చొక్కా పట్టుకుని, "ఆపరేషను వద్దండీ. నన్ను ఇంటికి తీసుకుపోండి," అంది. జబ్బు మాట్లాడిస్తోందని డాక్టరుకు చెప్పాను. ఆమెతో సరే సరే అని, తల నిమిరి, బయటికి వచ్చి ఆపరేషనుకు సంతకం పెట్టాను.