జనవరి ఒకటో తేదీ బ్రేకులు

ఆ లిఫ్టుల కంపెనీలో ఆమెను అందరూ గడులమ్మ అంటారు. ఎవరు ఏ కాగితం తెచ్చినా, "ఈ గడిలో ఇది ఎక్కడినుంచి వచ్చింది?" అని నిలదీస్తుంది కాబట్టి ఆ పేరు. మొదట్లో వెనకాల అనేవారు, ఇప్పుడు మొహం మీదే అంటున్నారు. అననీ, అనుకుంది ఆమె. అడగకుండా ఊరుకుంటే కదా సిగ్గుపడాల్సింది.

ఆమె అడిగేది ఒక్కటే. కంపెనీ మరమ్మతు చూసే తొమ్మిది వేల లిఫ్టుల దగ్గరికీ మనుషులను పంపి, దేనికి బ్రేకు నిజంగా ఎప్పుడు మార్చారో తేల్చి, రికార్డు మొత్తం తిరగరాయించాలి. మూడేళ్ళలో మూడుసార్లు బోర్డు ముందుకు వెళ్ళింది. మూడుసార్లూ ఆపరేషన్స్ డైరెక్టరు "చూద్దాం" అన్నారు. ఇల్లు తగలబడుతున్నా ఆయన ఆ మాటే అంటారని ఆఫీసులో జోకు. అలా ఆయన చూద్దాంగారయ్యారు. ఈసారి కూడా బోర్డు కాదంటే నెలాఖరుకు గడులమ్మ విభాగాన్ని ఎత్తేస్తారు. విభాగమంటే ఎంతమందో కాదు, ఆమే, ఇంకో అమ్మాయీ.

పోయిన నెల ఒక అపార్టుమెంటులో లిఫ్టు జారి ఒక పెద్దాయన కాలు విరిగింది. రికార్డులో చూస్తే ఆ బ్రేకు కొత్తది. అప్పటినుంచి గడులమ్మకు అన్నం సయించడం లేదు.

మీటింగు తొమ్మిదో అంతస్తులో. ఆమె మెట్లెక్కి, చెమటలు కక్కుతూ వెళ్ళింది. అధ్యక్షస్థానంలో కంపెనీ పెట్టినాయన భార్య, అందరూ పెద్దావిడ అంటారు, మోకాళ్ళ మీదుగా చేతికర్ర పెట్టుకుని కూర్చుంది.

"మేడమ్, మన రికార్డులో ఖాళీ గడి ఒక్కటీ లేదు," అని చూద్దాంగారు ముందుగా అందుకున్నారు. "నూటికి నూరు నిండింది. అద్దంలా ఉన్నదాన్ని మళ్ళీ తుడవడం దేనికి చెప్పండి?"

గడులమ్మ ఇరవై పేజీల ప్రెజెంటేషన్ తయారుచేసుకుని వచ్చింది. దాన్ని తెరవనే లేదు.

"ఖాళీ లేని మాట నిజమే మేడమ్. తేదీ వెయ్యకపోతే మెకానిక్కు ఫోనులో తర్వాతి పేజీ రాదు. పాత బ్రేకు తేదీ వాడికెలా తెలుస్తుంది? ఇంకా నాలుగు లిఫ్టులు చూడాలి. జనవరి ఒకటి అని కొట్టేసి ముందుకెళ్తాడు. మన రికార్డు ప్రకారం నాలుగు వేల బ్రేకులు ఒక్కరోజులో మార్చేశాం. ఆ రోజు కంపెనీకి సెలవు."

ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దావిడ నవ్వలేదు.

"మెకానిక్కుల బద్ధకానికి బోర్డేం చేస్తుందమ్మా?" అన్నారు చూద్దాంగారు.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. "బద్ధకం వాళ్ళది కాదు సార్. 'తెలీదు' అని రాసుకునే వీలు పెట్టమని ఎన్నిసార్లు అడిగానో మీకు గుర్తుందా? నూటికి నూరు పోతుందని వద్దన్నది మీరే. పోనీ, మీరంతా ఇందాక ఎక్కొచ్చిన లిఫ్టు సంగతి చూద్దామా?"

లాప్‌టాప్ వాళ్ళవైపు తిప్పింది. హెడ్డాఫీసు లిఫ్టు బ్రేకు మార్చిన తేదీ, జనవరి ఒకటి.

పెద్దావిడ తన చేతికర్ర వైపు చూసుకుంది. "తొమ్మిది అంతస్తులు నేను దిగలేనమ్మాయ్. అసలు సంగతి ఎవరికి తెలుసు?"

"మా బాబాయికి మేడమ్. ముప్పై ఏళ్ళుగా మన మెకానిక్కే."

అందరికీ వినబడేలా ఫోన్ కలిపింది. "బాబాయ్, హెడ్డాఫీసు లిఫ్టు బ్రేకు ఎప్పుడు మార్చారు?"

అవతల పేజీలు తిప్పుతున్న చప్పుడు. "ఫోనులో ఎవరేం కొట్టారో నాకు తెలీదుగానీ, నా పుస్తకంలో మే పన్నెండని ఉంది. నేనే మార్చాను, నిక్షేపంగా ఉంది. ఏం, మెట్లెక్కావా ఏంటి? పిచ్చిమొహమా!"

గదిలో అందరికీ ప్రాణం లేచొచ్చింది. చూద్దాంగారికి మరీను. "చూశారా మేడమ్! సమాచారం మన దగ్గరే ఉంది."

"మన దగ్గర లేదు సార్, మా బాబాయి చొక్కా జేబులో ఉంది," అంది గడులమ్మ. "వచ్చే నెల ఆయన రిటైరవుతున్నాడు. ఆ తర్వాత మీరు ఎవరికి ఫోన్ చేస్తారు? మొన్న కాలు విరిగిన పెద్దాయన ఎవరికి చెయ్యాల్సింది?"

పెద్దావిడ కర్రతో నేల మీద ఒక్కటి కొట్టింది. "మొదలుపెట్టండి. ఆ 'తెలీదు' కూడా పెట్టండి. నూరు పోతే పోనీ."

"అలాగే మేడమ్, చూ..." అనబోయి చూద్దాంగారు మాట మింగారు. అనుమతి కాగితం దగ్గరికి లాక్కుని సంతకం చేశారు. పని మొదలుపెట్టే తేదీ దగ్గర కాసేపు ఆలోచించి, జనవరి ఒకటి అని రాశారు.

గడులమ్మ ఆ కాగితాన్ని మళ్ళీ ఆయన ముందుకే జరిపింది.

"ఈ తేదీ మన దగ్గర ఇప్పటికే నాలుగు వేలసార్లుంది సార్. ఇంకోటి రాయండి."

ఆయన దాన్ని కొట్టేసి వచ్చే సోమవారం తేదీ వేసేదాకా ఆమె కూర్చోలేదు.